స్టీమ్ డెక్‌లో ఓకరినా పోర్ట్ ఎక్కిస్తున్నారా, ముందు ఇది చదువుకోండి

ఈ వీకెండ్ కూర్చుని స్టీమ్ డెక్‌లో (చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ పీసీ) షిప్ ఆఫ్ హార్కీనియన్ అనే ఓకరినా పీసీ పోర్ట్ ఎక్కించేద్దాం అనుకుంటున్నవాళ్ల కోసమే ఇది. పని అరగంటదే, కానీ ఆ అరగంటలో తొందరపడ్డామా, తర్వాత నెల రోజుల ఆట గంగలో కలుస్తుంది, నాది కలిసింది, ఆ కథ కింద చెప్తా.

తెలీనివాళ్లకి రెండు ముక్కలు. 1998లో నింటెండో 64 మీద వచ్చిన జెల్డా గేమ్ ఓకరినా ఆఫ్ టైమ్ ఉంది కదా, దాని మెషిన్ కోడ్‌ని కొంతమంది ఫ్యాన్స్ ఓపిగ్గా కూర్చుని ఒక్కో ఫంక్షనే విప్పుకుంటూ మళ్లీ సీ భాషలో రాసేశారు, 2021 చివరికి మొత్తం అయిపోయింది. దాని ఆధారంగా 2022లో హార్బర్ మాస్టర్స్ అనే టీమ్ ఈ పీసీ పోర్ట్ వదిలింది, పోర్ట్ అంటే ఒక మెషిన్ గేమ్‌ని ఇంకో మెషిన్ మీద నడిచేలా మార్చడం. ఎమ్యులేటర్ (పాత మెషిన్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్) కాదు ఇది, మామూలు పీసీ గేమ్ లాగానే నడుస్తుంది. అసలు గేమ్ సెకనుకి 20 ఫ్రేములే, ఇందులో 60 పెట్టుకోవచ్చు, లోపల లెక్కలు మాత్రం ఇప్పటికీ 20కే జరుగుతాయి, మధ్యలో ఫ్రేములు అదే కల్పించుకుని స్మూత్‌గా చూపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఈ పోర్ట్‌లో బొమ్మలు, మ్యూజిక్, లెవెల్స్ ఏవీ ఉండవు, మీ దగ్గరున్న గేమ్ కాపీలోంచి మొదటిసారి అదే లాక్కుని పక్కన ఇంకో ఫైల్ తయారు చేసుకుంటుంది. ఇలా ఎందుకంటే, 2020లో మారియో 64 పీసీ పోర్ట్ గేమ్ డేటాతో సహా ఒకే ఫైల్‌గా బయటికొచ్చింది, నింటెండో తరఫు లాయర్లు వరసపెట్టి లింకులు పీకించారు. కాబట్టి "గేమ్‌తో కలిపి రెడీమేడ్, క్లిక్ చేసి ఆడుకోండి" అని ఎవరైనా ఇస్తున్నారంటే వాళ్లు ఆ టీమ్ వాళ్లు కారు, అందులో ఇంకేం కలిపారో ఆ కలిపినోడికే తెలుసు. గిట్‌హబ్ అనే కోడ్ సైట్‌లో వాళ్ల రిలీజ్ పేజీ ఉంటుంది, అక్కడి నుంచి మాత్రమే దించుకోండి. వీడియోల కింద ఉండే షార్ట్ లింకులు, పది సెకన్లు ఆగండి అనే పేజీలు, టెలిగ్రామ్ ఫైళ్లు, వీటి జోలికి పోవద్దు. డబ్బులడిగితే అసలే వద్దు, ఇది ఫ్రీ.

గేమ్ కాపీ సంగతి. మన దగ్గర నింటెండో 64 ఎవరింట్లో ఉందండీ, మనకి తెలిసింది 9999 ఇన్ 1 క్యాసెట్టే కదా, తెరిస్తే నాలుగు గేములే మళ్లీ మళ్లీ ఉండేవి. నాకైతే డాలస్‌లో ఉన్న బావ పాత గేముల షాపులో క్యాసెట్ కొని, డంపర్ (క్యాసెట్‌లోని గేమ్‌ని ఫైల్‌గా తీసే పరికరం) పెట్టి కాపీ తీసి, సెలవులకొచ్చినప్పుడు డెక్‌తో పాటే తెచ్చిచ్చాడు. నెట్‌లో దొరికే రోమ్‌లు (క్యాసెట్‌లోంచి తీసిన గేమ్ ఫైళ్లు) దించడం చట్టం ప్రకారం తప్పే, అది పక్కన పెట్టినా వాటిలో ఎవరో కెలికినవి కూడా ఉంటాయి.

కెలకనిదే అయినా ఏ వెర్షన్ అనేది చూస్కోవాలి. అమెరికాది వేరు, యూరప్‌ది వేరు, గేమ్‌క్యూబ్ డిస్క్‌లో వచ్చింది వేరు, మాస్టర్ క్వెస్ట్ (ఇదే గేమ్‌లో కష్టమైన రకం) ఇంకా వేరు. ఏవేవి పని చేస్తాయో టీమ్ వాళ్లు షా-1 నంబర్లతో (ఫైల్‌కి వేలిముద్ర లాంటివి) లిస్ట్ పెట్టారు. డెక్‌లో దీనికి కమాండ్లేం అక్కర్లేదు, డెస్క్‌టాప్ మోడ్‌లో ఫైల్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో చెక్‌సమ్స్ ట్యాబ్‌కి వెళ్తే షా-1 అక్కడే లెక్కేసి చూపిస్తుంది, లిస్ట్‌లో దాంతో పోల్చుకోండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా అక్కడే ఆగిపోండి. ఫైల్ పేరు చివర ఎన్64 అనో వీ64 అనో ఉంటే దాన్ని జెడ్64 అని మార్చేస్తే సరిపోతుందనుకుంటారు కొంతమంది, సరిపోదు, వాటిలో బైట్ల వరసే వేరు, పేరు మారిస్తే వరస మారదు కదా.

ఇక డెక్‌లోకి దిగుదాం. పవర్ మెనూ నుంచి డెస్క్‌టాప్ మోడ్‌కి వెళ్లండి, హోమ్ లోపల ఈ గేమ్‌కంటూ ఒక ఫోల్డర్ చేసి లినక్స్ జిప్‌లో ఉన్నదంతా అందులో పరవండి, రోమ్ కూడా అక్కడే పెట్టండి. ఎస్‌డీ కార్డ్‌లో ఎందుకు, చిన్న గేమే, ఒకరోజు కార్డ్ తీసి ఇంకోటి పెడితే గేమ్ ఏదీ అని వెతుక్కోవాలి. జిప్‌లోంచి వచ్చిన యాప్‌ఇమేజ్ ఫైల్ (గేమ్‌ని తెరిచేది ఇదే) ప్రాపర్టీస్‌లో పర్మిషన్స్‌కి వెళ్లి ప్రోగ్రామ్‌గా నడపొచ్చు అనే టిక్ పెట్టండి, అది లేకుండా డబల్ క్లిక్ కొట్టి ఏమీ రావట్లేదని తిట్టుకునేవాళ్లే ఎక్కువ. మొదటిసారి డెస్క్‌టాప్ మోడ్‌లోనే రన్ చేయండి, డేటా లాక్కునేటప్పుడు అడిగే డబ్బాలు గేమ్ మోడ్‌లో సరిగ్గా కనపడక ఇబ్బంది పడతారు.

ఈ మొత్తం పనిలో ఎక్కడా పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఏదైనా గైడ్ సుడో (అడ్మిన్ అధికారంతో నడిపే కమాండ్) అన్నా, సిస్టమ్‌కి ఉన్న రీడ్ ఓన్లీ లాక్ తీయమన్నా ఆ గైడ్ మూసేయండి. స్టీమ్ ఓఎస్ సిస్టమ్ భాగాన్ని అప్‌డేట్ వచ్చినప్పుడల్లా తుడిచి కొత్తది పెడుతుంది, అక్కడ మీరు కష్టపడి పెట్టింది ఎలాగూ నిలవదు, హోమ్‌లో ఉన్నది మాత్రం పదిలం.

తర్వాత స్టీమ్‌లో నాన్ స్టీమ్ గేమ్‌గా కలుపుకుంటారు కదా, ఇక్కడే ఒక తిరకాసు. ఆ షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో "స్టార్ట్ ఇన్" అని ఒక గడి ఉంటుంది, అందులో మీ గేమ్ ఫోల్డర్ అడ్రసే ఉండాలి. వేరేది ఉంటే గేమ్ తన ఫైళ్లని అక్కడ వెతుక్కుని, దొరక్క, మళ్లీ రోమ్ అడుగుతుంది, ఇచ్చారనుకోండి ఖాళీ సేవ్‌లతో కొత్తగా మొదలవుతుంది. అయ్యో మొత్తం పోయింది అని గుండెలు బాదుకోకండి, పాత సేవ్ పాత చోటే ఉంటుంది. ప్రోటాన్ (విండోస్ గేముల్ని లినక్స్ మీద నడిపేది) ఆన్ చేయొద్దు, ఇది లినక్స్‌దే.

ఇప్పుడు నా కథ. గేమ్‌లో వాటర్ టెంపుల్ అనే లెవెల్ దాకా వచ్చా, రెండు ఆదివారాలు ఆ ఐరన్ బూట్లు వేసుకోడం తీయడం వేసుకోడం తీయడం (బూట్లని బటన్‌కి పెట్టుకునే ఆప్షన్ ఈ పోర్ట్‌లో ఉందని అంతా అయ్యాక తెలిసింది, మీరు ముందే ఆన్ చేస్కోండి), చివరికి బాస్ తలుపు ముందు సేవ్ చేశా. మర్నాడు కొత్త వెర్షన్ వచ్చింది. క్లీన్‌గా ఎక్కిద్దాం అని పాత ఫోల్డర్ మొత్తం షిఫ్ట్ డిలీట్ కొట్టా. సేవ్ ఫోల్డర్ అందులోనే ఉంటుందని తట్టనేలేదు. స్టీమ్ క్లౌడ్‌లో ఉంటుందిలే అని ధీమా, నాన్ స్టీమ్ గేములకి క్లౌడ్ బ్యాకప్ ఉండదు బాబూ. బావకి ఫోన్ చేస్తే "బామ్మర్దీ, ఆ టెంపుల్ రెండోసారి ఆడే అదృష్టం ఎంతమందికి వస్తుంది" అని ఒకటే నవ్వు.

అందుకే వెర్షన్ మార్చేటప్పుడు పాతది లేపేయొద్దు, పక్కనే కొత్త ఫోల్డర్ పెట్టి సేవ్ ఫోల్డర్‌ని అందులోకి కాపీ చేయండి, కట్ కాదు, కాపీ. ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో. పాత మోడ్స్ (గేమ్‌ని మార్చే అదనపు ఫైళ్లు) మాత్రం మొదట్లో పెట్టొద్దు, ఖాళీగా ఒకసారి తెరుచుకున్నాక ఒక్కోటీ కలపండి, లేకపోతే క్రాష్ అయితే పోర్ట్‌దా మోడ్‌దా అని తేలదు. ఎఫ్5 కొట్టి పెట్టే స్టేట్‌ని (ఆట ఆ క్షణంలో ఎలా ఉందో అలా పట్టి ఉంచేది) కూడా అసలు సేవ్ అనుకోకండి, అది తాత్కాలికం.

ఆర్‌ఓజీ అల్లీ లాంటి విండోస్ మెషిన్ ఉన్నవాళ్లకి ఇంతా లేదు, విండోస్ జిప్ దించి పూర్తిగా విప్పాకే రన్ చేయండి, ప్రోగ్రామ్ ఫైల్స్‌లో మాత్రం పెట్టొద్దు. డెక్ బయటినుంచి తెప్పించుకున్నవాళ్లు అమెరికా పిన్ ఉన్న ఛార్జర్‌ని లూజ్ అడాప్టర్‌కి తగిలించి ఈ పని మొదలెట్టకండి, మధ్యలో ఊడి ఛార్జ్ అయిపోతే చిరాకు, ముందే ఫుల్ చేస్కోండి.

అంతా అయ్యాక ఆటలో మునిగిపోకుండా ఒక చిన్న టెస్ట్. గేమ్ మోడ్ నుంచి తెరిచి, హీరో లింక్ ఇంట్లోంచి నిచ్చెన దిగి కొకిరి ఫారెస్ట్‌లో నాలుగడుగులు వేసి సేవ్ కొట్టండి, గేమ్ మూసేసి డెస్క్‌టాప్ మోడ్‌కి వెళ్లి మీ గేమ్ ఫోల్డర్‌లో సేవ్ ఫోల్డర్ తెరిచి చూడండి. ఇప్పటి టైమ్‌తో ఫైల్ కనిపిస్తే వెళ్లి ఆడుకోండి. కనిపించకపోతే ఆ స్టార్ట్ ఇన్ గడి దగ్గరికి మళ్లీ వెళ్లండి.