కోటెడ్ బుల్లెట్లకు పౌడర్ ఎంచుకోవడం ఎలా?

పిస్టల్, రివాల్వర్ తూటాలు సొంతంగా లోడ్ చేసుకునేవాళ్లు పూత పూసిన (కోటెడ్) బుల్లెట్లకు మారగానే ఒక టెన్షన్ మొదలవుతుంది. పౌడర్ మంట వేడికి పూత కరిగిపోతుందేమో అని. నన్నడిగితే అంతకంటే ముందు చూడాల్సినవి రెండున్నాయి. ఆ బుల్లెట్‌కు అచ్చయిన లోడ్ డేటా, అంటే ఏ పౌడర్ ఎంత వేయాలో చెప్పే పట్టిక, ఉందా? పొరపాటున ఒకే తూటాలో పౌడర్ రెండుసార్లు పడితే కంటికి తెలుస్తుందా? ఇక ఈ పనికి మీరుండే చోట చట్టం ఒప్పుకుంటుందో లేదో, ఏ లైసెన్స్ కావాలో పౌడర్ కొనకముందే కనుక్కోండి.

1. ముందు బుల్లెట్ సంగతి

సీసం బుల్లెట్‌కు పాలిమర్ లాంటి పూత పట్టించి ఓవెన్‌లో గట్టిపరిస్తే అది కోటెడ్ బుల్లెట్. రాగి తొడుగు (జాకెట్) వేరు, ఇది వేరు. కొలత కూడా మారుతుంది: 9 ఎంఎంలో జాకెట్ బుల్లెట్ 0.355 అంగుళాలుంటే, కోటెడ్‌ది సాధారణంగా 0.356. అందుకే జాకెట్ బుల్లెట్ గరిష్ఠ లోడ్‌ను దీనికి వాడకూడదు. బుల్లెట్ తయారీదారు డేటా ఇస్తే అదే పాటించండి. లేకపోతే రీలోడింగ్ మాన్యువల్‌లో అదే బరువు, అదే ఆకారం ఉన్న సీసం బుల్లెట్ పేజీ తీసి, అందులోని స్టార్టింగ్ లోడ్‌తో (మొదలుపెట్టడానికి ఇచ్చిన తక్కువ కొలతతో) మొదలుపెట్టండి.

2. మండే వేగం

బుల్స్‌ఐ, టైట్‌గ్రూప్ అనే పౌడర్లు త్వరగా మండుతాయి. హెచ్‌పీ-38, యూనిక్ కాస్త నిదానం. హెచ్110 బాగా నిదానం, అది మాగ్నమ్ తూటాలకు. హెచ్110ని మాన్యువల్ చెప్పినదానికంటే తగ్గించి వాడితే ప్రమాదం. మామూలు టార్గెట్ షూటింగ్‌కు త్వరగా మండేవి, కాస్త నిదానమైనవి చాలు. మండే వేగం పట్టికలో రెండు పౌడర్లు పక్కపక్కన ఉన్నాయని ఒకదాని కొలత ఇంకోదానికి వాడొద్దు. ఆ పట్టిక వరుస మాత్రమే చెబుతుంది.

టైట్‌గ్రూప్‌లో నైట్రోగ్లిజరిన్ పాలు ఎక్కువ, మంట కూడా వేడిగానే ఉంటుంది. అయినా ఆ వేడి బుల్లెట్‌కు తగిలేది రెప్పపాటు కూడా కాదు. పూత సరిగ్గా గట్టిపడి, అడుగు భాగాన్నీ కప్పి ఉంటే తట్టుకుంటుంది.

3. కేసు ఎంత నిండుతుంది?

నేను ఎక్కువ పట్టింపుగా ఉండేది ఇక్కడే. 38 స్పెషల్ అనే రివాల్వర్ తూటా కేసు (పౌడర్ పట్టే లోహపు గొట్టం) బ్లాక్ పౌడర్ అనే పాతరకం తుపాకీ మందు కాలం నాటిది, లోపల చోటు చాలా ఎక్కువ. అందులో త్వరగా మండే పౌడర్ వేస్తే అడుగున పలచగా పరుచుకుని ఉంటుంది. రెండో విడత పడినా పైనుంచి చూస్తే ఏమీ తేడాగా అనిపించదు. ఆ తూటా పేలితే తుపాకీ పగలొచ్చు, చెయ్యి పోవచ్చు.

యూనిక్ లాంటి పొరల పౌడర్ అదే లోడ్‌కు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, రెండుసార్లు పడితే మట్టం బాగా పైకి వచ్చి తేడా కనబడుతుంది. డబ్బా త్వరగా అయిపోతుందన్న మాట నిజమే. ఆ ఖర్చు పెట్టడమే మేలు. ఏ పౌడరైనా సరే, కేసులన్నీ లోడింగ్ బ్లాక్‌లో (గుంతలున్న పలకలో) నిలబెట్టి, బుల్లెట్ పెట్టేముందు టార్చి వేసి ఒక్కో కేసులోకి తొంగి చూడండి. ఒకదానిలో మట్టం పక్కవాటికంటే ఎక్కువో తక్కువో ఉంటే దాన్ని ఒంపేసి మళ్లీ కొలవండి.

4. కొలత నిలకడ

పిస్టల్ కేసులో పడేది చాలాసార్లు పావు గ్రాము చుట్టూనే, అంటే నాలుగు గ్రెయిన్లు. అందులో కొంచెం తేడా వచ్చినా పీడనం మారిపోతుంది. సన్నటి గుండ్రని రేణువులు పౌడర్ మెజర్‌లోంచి (పౌడర్ కొలిచి పోసే పరికరంలోంచి) సాఫీగా జారతాయి, పెద్ద పొరలు కొద్దిగా అటూఇటూ పడతాయి. 9 ఎంఎంకు నిలకడ, నిండుదనం రెండూ ఓ మాదిరిగా కుదిరేది హెచ్‌పీ-38. విన్‌చెస్టర్ 231 పేరుతో అమ్మేదీ ఇదే పౌడర్.

5. కాల్చి చూశాక

స్టార్టింగ్ లోడ్‌తో కొన్నే తయారుచేసి కాల్చండి, తర్వాత బ్యారెల్ లోపల చూడండి. సీసం చారలు కనబడితే వెంటనే పౌడర్ మార్చొద్దు. కాల్చని తూటా ఒకటి తీసి, పుల్లర్‌తో బుల్లెట్ బయటికి లాగండి. పూత మీద చుట్టూ గీత పడి కింద సీసం మెరుస్తుంటే క్రింప్ (కేసు మూతిని బుల్లెట్ మీదికి నొక్కడం) ఎక్కువైంది, లేదా కేసు మూతి తగినంత విప్పారలేదు. పూత బాగానే ఉంటే బుల్లెట్ వ్యాసం కొలవండి. బ్యారెల్‌కు చిన్నదైతే వాయువు పక్కల నుంచి దూసుకెళ్లి పూతను కోసేస్తుంది. ఇవి రెండూ సరిగ్గా ఉన్నాయని తేలాకే వేరే పౌడర్ ప్రయత్నించండి, దానికి మళ్లీ స్టార్టింగ్ లోడ్ నుంచే.