పరాన్నజీవి ట్రాన్స్‌పోర్టర్లకు యాంటీబాడీలు – 4వ పాఠం: మరిగించకండి

ఈసారి పెప్టైడ్ పోటీ పరీక్ష (యాంటీబాడీ కోసం కుందేలుకు ఎక్కించిన చిన్న ప్రోటీన్ ముక్కను ముందే కలిపితే బ్యాండ్ పోతుందా అని చూడటం) మొదలుపెట్టాలి. కానీ మూడో పాఠం చూసి బ్లాట్ (ప్రోటీన్లను జెల్‌లో సైజువారీగా విడదీసి, కావాల్సినదాన్ని యాంటీబాడీతో గుర్తుపట్టడం) చేసినవాళ్లలో చాలామందికి అనుకున్న చోట బ్యాండ్ లేదు, వెల్ అడుగునే నల్లటి చార ఉంది. కుందేలుకు మరో బూస్టర్ ఇవ్వాలా అని అడుగుతున్నారు. వద్దు. తప్పు యాంటీబాడీలున్న కుందేలు సీరంది కాదు, శాంపిల్‌ను మరిగించిన హీట్ బ్లాక్‌ది.

మనం వెతికేది పీఎఫ్‌హెచ్‌టీ1, మలేరియా పరాన్నజీవి ఫాల్సిపారం గ్లూకోజును లోపలికి తెచ్చుకునే ట్రాన్స్‌పోర్టర్ ప్రోటీన్. అందులో 504 అమైనో ఆమ్లాలు ఉంటాయి. ఆ గొలుసు కణం పొరను 12 సార్లు దాటుతుంది. పొరలో ఉండే ఆ ముక్కలకు నీళ్లు గిట్టవు. 95 డిగ్రీల దగ్గర మరిగిస్తే ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దకడతాయి. శాంపిల్ బఫర్‌లో సబ్బులాంటి ఎస్‌డీఎస్ ఉన్నా ఆ ముద్ద విడిపోదు, జెల్‌లోకి దిగదు. పోలిక కోసం చూసే ఆల్డోలేజ్ బ్యాండ్ చక్కగా వచ్చింది కదా, శాంపిల్ బాగానే ఉందనుకుంటారు. అక్కడే మోసపోతారు. ఆల్డోలేజ్ నీళ్లలో కరిగే ప్రోటీన్, ఎస్‌డీఎస్‌లో మరిగించినా ముద్దకట్టదు.

శాంపిల్ బఫర్ కలిపి 37 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచండి. 50 దగ్గర 10 నిమిషాలు చేసేవాళ్లూ ఉన్నారు, నా ఓటు 37కే. శాంపిల్ జిగురుగా సాగితే అది డీఎన్ఏ. సన్నసూది సిరంజితో అయిదారుసార్లు లాగి వదలండి. వేడి తక్కువ కాబట్టి ప్రోటీన్లను కోసే ప్రోటీయేజ్‌లు చావవు. ఎర్రకణాలను పగలగొట్టే సపోనిన్ కడుగుడు నుంచే వాటిని ఆపే ఇన్హిబిటర్లు ఉండాలి, వాటిలో పీఎంఎస్ఎఫ్ మాత్రం అప్పటికప్పుడు వేయాలి. నీళ్లలో అది నిలవదు. ప్రొటోకాల్‌లో ‘గది ఉష్ణోగ్రత’ అంటే 20–25 డిగ్రీలు. మే నెలలో ఏసీ లేని విజయవాడ గదిని ఆ లెక్కలో వేయకండి, ఐసు మీదే కడగండి.

బ్యాండ్ 56 కిలోడాల్టన్లకు కాస్త కిందే కనిపించవచ్చు. ఇలాంటి ప్రోటీన్లు ఎస్‌డీఎస్‌ను ఎక్కువగా పట్టుకుని వేగంగా పరుగెత్తుతాయి. అక్కడే ఇంకో చిక్కు. పరాన్నజీవి ఉండేది ఎర్రకణాల్లో, ఆ కణాలకు ఉన్న మన సొంత గ్లూకోజు ట్రాన్స్‌పోర్టర్ గ్లూట్1 కూడా 492 అమైనో ఆమ్లాలతో, 12 దాట్లతో దాదాపు అదే చోట పూసినట్టు వస్తుంది.

ఇక పోటీ పరీక్ష. 1 మైక్రోగ్రాము యాంటీబాడీకి 10 మైక్రోగ్రాముల పెప్టైడ్ కలిపి 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచండి. కుందేలుకు ఎక్కించడానికి కేఎల్‌హెచ్ అనే మోత ప్రోటీన్‌కు అతికించింది వద్దు, వట్టి పెప్టైడే వాడండి. బ్యాండ్ పోయినంత మాత్రాన అది మన ప్రోటీనేనని తేలినట్టు కాదు. అదే వరుస గ్లూట్1లో ఉంటే ఆ బ్యాండూ పోతుంది.

అభ్యాసం: ఒకే పరాన్నజీవి పెల్లెట్‌ను 37, 50, 95 డిగ్రీలకు పంచండి. పక్కన పరాన్నజీవి లేని ఎర్రకణాల పొరలను కూడా అలాగే మూడుగా వేయండి. ఈ ఆరు లేన్ల బ్లాట్‌లు మూడు కావాలి: కుందేలుకు పెప్టైడ్ ఎక్కించకముందు తీసిన సీరంతో ఒకటి, యాంటీబాడీతో ఒకటి, పెప్టైడ్ కలిపిన యాంటీబాడీతో ఒకటి. మూడింటికీ ఎక్స్‌పోజర్ సమయం ఒక్కటే.