టీనేజ్ పిల్లలు మనతో మాట్లాడటం మానేయకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?

పిల్లలకి పన్నెండు పదమూడేళ్లు వచ్చిన ఏ ఇంట్లో చూసినా ఒకటే బాధ, నిన్నమొన్నటిదాకా వెనకాలే తిరుగుతూ బుర్ర తినేసినవాడు ఇప్పుడు ఏదడిగినా "ఏం లేదు" అంటాడు, రూంలోకెళ్లి తలుపేసుకుంటాడు. ముగ్గురు పిల్లల్ని ఈ వయసు దాటించాను, ఏళ్లతరబడి హైస్కూల్ పిల్లలకి పాఠాలు చెప్తున్నాను, పేరెంట్స్ ఎక్కడ చెడగొట్టుకుంటున్నారో రోజూ కళ్లారా చూస్తున్నా. దాదాపు అందరూ ఒకే చోట చెడగొడతారు. అది నాలుగో స్టెప్పు, దాని గురించే ఎక్కువ రాస్తా, మిగతావి గబగబా చెప్పేస్తా.

దీనికి కావాల్సింది పెద్దగా ఏం లేదు, రోజూ ఓ ఇరవై నిమిషాలు ఫోన్ పక్కన పడేసి ఇంట్లో ఖాళీగా కనబడండి చాలు.

స్టెప్ 1: శరీరంలో వచ్చే మార్పుల గురించి ముందే చెప్పేయండి. ఆడపిల్లల్లో 8 నుంచి 13 ఏళ్ల మధ్య, మగపిల్లల్లో 9 నుంచి 14 మధ్య ఇవి మొదలవుతాయి, అంటే మీరు ఇంకా చిన్నపిల్లలే కదా అనుకుంటున్నప్పుడే అన్నమాట. పీరియడ్స్ గురించి మగపిల్లాడికి కూడా చెప్పాలి, గొంతు మారడం, నిద్రలో వీర్యం పడి బట్టలు తడవడం లాంటివి ఆడపిల్లకి కూడా తెలియాలి. ఒకేరోజు కూర్చోబెట్టి అంతా చెప్పొద్దు, కొంచెం కొంచెంగా చెప్పండి.

స్టెప్ 2: నిద్ర. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోన్ ఈ వయసులో రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది, అందుకే పది కొట్టినా నిద్ర రాదు, పొద్దున లేపితే లేవరు. దాన్ని బద్ధకం అని తిట్టకండి. కానీ రాత్రిపూట ఫోన్లన్నీ హాల్లోనే ఛార్జింగ్ పెట్టాలి, మీ ఫోన్‌తో సహా. ఇందులో బేరాల్లేవు.

స్టెప్ 3: తలుపు కొట్టి లోపలికెళ్లండి. డైరీలు, చాట్‌లు దొంగచాటుగా చదవొద్దు, ప్రాణం మీదకొచ్చే అనుమానం ఉంటే తప్ప.

స్టెప్ 4: ఇదే అసలు స్టెప్పు. వాళ్లంతట వాళ్లు ఏదైనా చెప్పినప్పుడు మీ నోట్లోంచి వచ్చే మొదటి మాట.

ముందు ఒకటి గమనించండి, వీళ్లు మీకు వీలైనప్పుడు చెప్పరు. మీరు లైట్లు ఆర్పి పడుకోబోతుంటే వచ్చి గుమ్మం దగ్గర నిలబడతారు, తలుపు గొళ్లెం అటూ ఇటూ కదుపుతుంటారు, "ఏం చేస్తున్నావ్" అని పనికిమాలిన ప్రశ్న ఒకటి అడుగుతారు. అది ప్రశ్న కాదు, చెప్పాల్సింది ఏదో ఉంది. "ఇంత రాత్రప్పుడు ఏంటి, పోయి పడుకో" అన్నారా, అయిపోయింది. పక్కకి జరిగి చోటివ్వండి. ఎదురుగా కూర్చోబెట్టుకుని కళ్లలోకి చూస్తూ అడిగితే మాత్రం చెప్పరు, పక్కపక్కనే ఉండాలి, చేతిలో ఏదో పని ఉండాలి, బట్టలు మడతపెట్టడమో బండి మీద వెళ్లడమో నడవడమో. మొహాలు చూసుకుంటూ చేసే ఫ్యామిలీ మీటింగులు నా లెక్కలో దండగ.

ఇప్పుడు వాడు చెప్పాడనుకోండి, "నాన్నా, లెక్కల పరీక్ష పోయింది, నీ సంతకం నేనే పెట్టేశా." మీకు కోపం వస్తుంది, రావాలి కూడా. కానీ ఆ క్షణంలో ఈ నాలుగూ అనకూడదు: "ఎందుకు చేశావ్?", "నేను ముందే చెప్పానా లేదా?", "మా రోజుల్లో అయితే", "ఇంకెప్పుడూ చెయ్యకు". నాలుగోది మంచి మాటే కదా అనిపిస్తుంది కానీ అది కూడా తలుపు మూసేసే మాటే, ఇంకా కథ సగమే బయటికొచ్చింది. ఇక "ఎందుకు" అనే ప్రశ్నకి వాడి దగ్గర నిజంగానే జవాబుండదు. ముందూ వెనకా ఆలోచించి ఆగమని చెప్పే మెదడు ముందుభాగం పూర్తిగా తయారవ్వడానికి ఇరవై అయిదేళ్లు దాకా పడుతుంది, ఉద్రేకాలు, సరదాలు చూసుకునే భాగాలు మాత్రం టీనేజ్‌లోనే ఫుల్ స్పీడ్‌లో ఉంటాయి, పక్కన ఫ్రెండ్స్ ఉంటే ఇంకా ఎక్కువ. మీరు గుచ్చి గుచ్చి అడిగితే ఏదో ఒక అబద్ధం అల్లి చెప్తాడు, తర్వాత ఆ అబద్ధం గురించి గొడవ.

మరి ఏమనాలి? "చెప్పావు, మంచిపని చేశావు. తర్వాత ఏమైంది?" అంతే. తర్వాత నోరు మూసుకోవాలి. మధ్యలో వాడు ఆగిపోతాడు, ఆ నిశ్శబ్దం భరించలేక చాలామంది సలహా మొదలెట్టేస్తారు, దయచేసి అక్కడ ఆగండి. అసలు ముక్క ఆ నిశ్శబ్దం తర్వాతే బయటికొస్తుంది, సంతకం పెట్టింది మార్కుల కోసం కాదు, క్లాసులో ఎవడో ఏడిపిస్తున్నాడు, స్కూలుకెళ్లాలంటేనే భయంగా ఉంది, ఇలాంటిది. అంతా అయ్యాక "సలహా కావాలా, ఊరికే వినమంటావా?" అని అడగండి. వినమంటే వినండి. ఆ రాత్రికి ఏ శిక్షా వెయ్యొద్దు, ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. ఇంకోటి, చెప్పింది పొద్దున్నే చుట్టాలకి ఫోన్లో చెప్పేయడం, భోజనాల దగ్గర ఎత్తిపొడవడం చేశారంటే ఇంక మీకు ఏదీ చెప్పరు.

ఇక్కడ కొందరు, మేం పిల్లలతో ఫ్రెండ్స్‌లా ఉంటాం, మాకీ గొడవలేదంటారు. నేను ఒప్పుకోను. ఫ్రెండ్స్ వాళ్లకి బయట చాలామంది ఉన్నారు, వద్దు అని చెప్పి ఆ కోపాన్ని భరించే మనిషి ఇంట్లోనే ఉండాలి. ఇంకొందరు భయం ఉంటేనే దారిలో ఉంటారంటారు, భయపడే పిల్లలు తప్పులు మానరు, మీకు తెలియకుండా చేస్తారు, స్కూల్లో నేను చూసేది ఆ పిల్లల్నే. రూల్ గట్టిగా ఉండాలి, రూల్ తప్పానని వచ్చి చెప్పుకునే చోటు మెత్తగా ఉండాలి, రెండూ కలిసి ఉన్న ఇంట్లోనే ఇది పనిచేస్తుంది.

స్టెప్ 5: మర్నాడు నిర్ణయం. సంతకం విషయం టీచర్‌కి వాడే చెప్పాలి, మీరు పక్కన నిలబడతారు. శిక్ష తప్పుకి సంబంధించిందే ఉండాలి, చిన్నదిగా ఉండాలి, చెప్పిన రోజుకి అయిపోవాలి. అమ్మ ఒకటి నాన్న ఒకటి చెప్పకుండా ముందే ఇద్దరూ మాట్లాడుకోండి.

స్టెప్ 6: ఇది మీ చేతుల్లో లేదని తెలిసేదెలా? చిరాకు, తలుపులు ధడేల్మని వెయ్యడం ఈ వయసులో మామూలే. రెండు వారాలు పైగా దిగులుగా ఉండటం, ఇష్టమైన ఆటలు కూడా మానేయడం, తిండి నిద్ర బాగా మారిపోవడం, చేతుల మీద గాట్లు, "నేను లేకపోతే బాగుండు" అనడం మామూలు కాదు. అలాంటప్పుడు "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే మాత్రం రహస్యంగా ఉంచుతానని మాటివ్వకండి, ఒంటరిగా వదలకండి, ఇంట్లో మందులు తీసి దాచేయండి, ఆలస్యం చెయ్యకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. అక్కడ కూడా కాసేపు మీరు బయట కూర్చుని, పిల్లని డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడనివ్వండి.