రైఫిల్ బోల్టుకి మెరుగు పెట్టడం
ముందు మ్యాగజైన్ ఊడదీసి, తూటా కూర్చునే ఛాంబర్‌లో ఏమీ లేదని వేలు పెట్టి చూడండి. కంటిని నమ్మొద్దు. మా కొత్తపట్నం ఉప్పుగాలికి పూత లేని ఇనుము ఏదైనా ఇట్టే ఎర్రబారుతుంది.

తూటాని ఛాంబర్‌లోకి తోసి మూసే కడ్డీయే బోల్టు. దాన్ని బయటికి తీసి కిరసనాయిలుతో జిడ్డు కడగండి. నూనెలో తడిపిన 600 నంబరు వాటర్ పేపర్ని చదునైన చెక్కముక్కకి చుట్టి, పొడవు వెంట మెల్లగా రుద్దాలి. పాత గీతలు పూర్తిగా పోయాకే 1000 నంబరు పేపరు, తర్వాత 1500. చివర్లో పాత పంచెగుడ్డతో బ్రాసో, మిగిలింది శుభ్రంగా తుడిచెయ్యాలి. లాకింగ్ లగ్గులు (పేలేటప్పుడు బోల్టుని బిగించి పట్టే పళ్లు), ట్రిగ్గర్ సియర్ (ట్రిగ్గర్ నొక్కేదాకా పిన్నుని ఆపే కొక్కెం) జోలికి అస్సలు పోవద్దు. అక్కడ వెంట్రుకవాసి అరిగినా ప్రాణం మీదికొస్తుంది. లైసెన్సులో రాసిన తుపాకీ నంబరు రుద్దుడుకి చెరిగిందా, ఇక స్టేషన్ చుట్టూ తిరగడమే. నల్లపూత ఉన్న గొట్టానికి మెరుగెందుకండీ, పూత లేచిపోడానికా? వంటనూనె పుయ్యొద్దు, జిగురు కడుతుంది. కుట్టుమిషన్ ఆయిల్ పల్చగా రాస్తే చాలు.