ఇంగ్లండ్‌లో షాపు అద్దెకిస్తున్నారా? ఈపీసీకి కరెంటు బిల్లులు కాదు, ఈ కాగితాలు వెతకండి

ఇంగ్లండ్, వేల్స్‌లో షాపు, ఆఫీసు, రెస్టారెంటు లాంటివి అమ్మాలన్నా అద్దెకివ్వాలన్నా ఎనర్జీ పెర్ఫార్మెన్స్ సర్టిఫికేట్ ఉండాలి. అందరూ ఈపీసీ అంటారు. బిల్డింగ్ ఎనర్జీని ఎంత సమర్థంగా వాడగలదో ఎ (మంచిది) నుంచి జి (అధ్వానం) దాకా గ్రేడు ఇచ్చే కాగితం ఇది. అది తెప్పించాల్సింది ఓనరు. అద్దెకు వచ్చేవాళ్లకు కాపీ ఉచితంగా ఇవ్వాలి. కొత్తగా షాపు తీసుకుంటున్న మనవాళ్లను ‘ఈపీసీ ఫీజు’ కట్టమని మధ్యవర్తులు అడిగిన సంగతులు విన్నాను. ఎవరైనా అలా అడిగితే, దేనికోసమో రాసిమ్మనండి.

డబ్బు కట్టే ముందు ప్రభుత్వ ఎనర్జీ సర్టిఫికేట్ల వెబ్‌సైట్‌లో మీ పోస్ట్‌కోడ్ కొట్టి చూడండి. సర్టిఫికేట్ 10 ఏళ్లు చెల్లుతుంది. పాత ఓనరు తీసుకున్నదే ఇంకా నడుస్తూ ఉండొచ్చు. లేకపోతే, బిల్డింగ్ చూసి సర్టిఫికేట్ ఇచ్చే అసెసర్ల జాబితా కూడా ప్రభుత్వ సైట్‌లోనే దొరుకుతుంది. ఇళ్లకు మాత్రమే ఇచ్చేవారు పనికిరారు, కమర్షియల్ బిల్డింగులకు అర్హత ఉన్నవారే కావాలి. ‘ఫొటోలు పంపండి, రేపే ఇచ్చేస్తాం’ అనేవాళ్ల జోలికి వెళ్లకండి. అసెసర్ స్వయంగా వచ్చి, కొలిచి చూడాలి.

చాలామంది బోల్తా పడేది అసెసర్ వచ్చే ఆ రోజే. ఏడాది కరెంటు బిల్లులన్నీ ఫైలులో పెట్టుకుని కూర్చుంటారు. అసెసర్ వాటిని ముట్టుకోరు. మీరు ఎంత పొదుపుగా వాడారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. గోడలు, పైకప్పు, కిటికీలు, లైట్లు, హీటింగ్, ఏసీ ఎలాంటివో చూసి సాఫ్ట్‌వేర్ మార్కు వేస్తుంది. కంటికి కనిపించని దానికి రుజువు లేకపోతే, బిల్డింగ్ వయసును బట్టి ఒక అంచనా పెట్టేస్తుంది. పాత బిల్డింగులకు ఆ అంచనా దెబ్బకొడుతుంది.

నాకు తెలిసిన ఒకాయన షాపు సీలింగ్ పైన ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా ఆపే పొర) వేయించారు. బిల్లు దొరకలేదు, పైకి చూడటానికి దారీ లేదు. వేయించనట్టే లెక్కపడింది. చివరికి ఎఫ్ గ్రేడు వచ్చింది. ఆయన పడ్డ టెన్షన్ చూశాకే ఇది రాయాలనిపించింది.

కాబట్టి ఇన్సులేషన్ వేసినవాళ్ల ఇన్వాయిస్, ఏసీ, బాయిలర్ల మోడల్ నంబర్లు, వాటి డేటా షీట్లు, లైట్ల స్పెసిఫికేషన్, ఫ్లోర్ ప్లాన్, బిల్డింగ్ కంట్రోల్ (కట్టడం పనులు రూల్స్ ప్రకారం ఉన్నాయో లేదో చూసేవారు) వారు ఇచ్చిన కాగితాలు ముందే వెతికి పెట్టుకోండి. ఇన్వాయిస్ పోయుంటే ఆ పనిచేసిన కాంట్రాక్టర్‌నే మళ్లీ అడగండి. సీలింగ్ పైకి వెళ్లడానికి తలుపుంటే దాని తాళం ఆ రోజు దగ్గరుంచుకోండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. అద్దెకివ్వాలంటే గ్రేడు కనీసం ‘ఇ’ ఉండాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి కొత్త లీజులకున్న ఈ రూలు, 2023 ఏప్రిల్ 1 నుంచి అప్పటికే నడుస్తున్న లీజులకూ వచ్చింది. ఎఫ్, జి గ్రేడుల్లో ఉన్నదాన్ని మినహాయింపు లేకుండా అద్దెకిస్తే, జరిమానా 1,50,000 పౌండ్ల దాకా పడొచ్చు. మినహాయింపులు నిజంగానే ఉన్నాయి, చాలావరకు 5 ఏళ్లు నడుస్తాయి. కానీ ప్రతిదానికీ ఆధారాలు పెట్టి ఓనరే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. ‘మినహాయింపు మేం ఇప్పిస్తాం’ అని పెద్ద మొత్తం అడిగేవాళ్లతో జాగ్రత్త.

ఎఫ్ వస్తుందేమోనని భయపడకండి. ప్రభుత్వ రిజిస్టర్‌లో ఎక్కించే ముందు డ్రాఫ్ట్ గ్రేడు చూపించమని అసెసర్‌ను అడగండి. తక్కువొస్తే ఏ కాగితం లేక తగ్గిందో అప్పుడే తెలుస్తుంది. ఇప్పటికే ఎక్కించేసి ఉన్నా, ఆధారాలు దొరికాక మళ్లీ చేయించుకోవచ్చు. అప్పుడు కొత్తదే చెల్లుతుంది.