నాట్ల నొప్పులని గోలీలు మింగేముందు

పోయిన వారం మా మందుల షాపుకు తరచూ వచ్చే రైతు ఒకాయన డయాలసిస్ దాకా వెళ్ళాడు. యాభై ఎనిమిదేళ్ళు. నిరుడు గుండెకు స్టెంట్ వేశారు. నాట్లు మొదలయ్యాక తొడలు, భుజాలు పట్టేశాయని నాలుగు రోజులు వరసగా డైక్లోఫెనాక్ వేసుకున్నాడు, మధ్యలో ఒక సూది కూడా పొడిపించుకున్నాడు. ఐదో రోజుకు మూత్రం డికాషన్ రంగుకు తిరిగింది. ఆ గోలీల్లో సగం మా కౌంటర్ నుంచే వెళ్ళాయి. ఇంకేం మందులు వాడుతున్నావని మేం అడగలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

స్టెంట్ వేసినవాళ్ళకూ, కొలెస్ట్రాల్ ఉన్నవాళ్ళకూ ఇచ్చే అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ (వీటినే స్టాటిన్లు అంటారు) చాలామందికి ఏ ఇబ్బందీ పెట్టవు. కొందరికి కండరాల నొప్పులు తెస్తాయి. బహు అరుదుగా కండరమే చితికిపోయి, దానిలోని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీల మీద పడుతుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి గోలీలు సరిగ్గా అప్పుడే కిడ్నీలకు అందే రక్తాన్ని తగ్గిస్తాయి. ఈ రెండు మందులూ కడుపులో కలిస్తే విషమైపోతాయని కాదు. ఒకటి తెచ్చిన నొప్పిని రెండోది కనబడకుండా చేస్తుంది. నొప్పి తెలియడం లేదు కదా అని మనిషి మళ్ళీ మడిలోకి దిగుతాడు, చితికిన కండరం ఇంకా చితుకుతుంది.

నేను పదే పదే చూసిన తప్పు ఇదే: నొప్పి ఎందుకొచ్చిందో తేల్చుకోకుండా గోలీతో నొక్కెయ్యడం.

పని నొప్పి రెండు మూడు రోజుల విశ్రాంతితో తగ్గుముఖం పడుతుంది. స్టాటిన్ వల్ల వచ్చేది ఎక్కువగా రెండు తొడల్లో, రెండు భుజాల్లో ఒకేలా ఉంటుంది. గొంతుక్కూర్చుని లేవలేకపోతారు, మెట్లెక్కలేకపోతారు. మందు కొత్తగా మొదలుపెట్టినప్పుడు, డోసు పెంచినప్పుడు ఇంకా కనిపెట్టుకుని ఉండాలి. అనుమానమొస్తే డాక్టర్‌తో చెప్పి సీపీకే (కండరం చితికిందేమో చూసేది), క్రియాటినిన్ (కిడ్నీల పని చూసేది) రక్త పరీక్షలు చేయించుకోండి.

చాలామందికి తాము కొలెస్ట్రాల్ మందు వాడుతున్నట్టే తెలియదు. ‘గుండె గోలీ’ అంటారు. ఆ ఒక్క క్యాప్సూల్‌లోనే స్టాటిన్, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మూడూ ఉండొచ్చు. చివరి రెండూ రక్తం గడ్డకట్టకుండా చేసేవి, వాటి మీద నొప్పి గోలీ వేస్తే కడుపులో రక్తస్రావం భయం. ఐబుప్రోఫెన్ అయితే గుండె కోసం వేసుకునే ఆస్పిరిన్ పనికి అడ్డుపడుతుంది. బీపీకి టెల్మిసార్టన్, దాంతోపాటు మూత్రం ఎక్కువ వచ్చే మందు వాడేవాళ్ళకు నొప్పి గోలీ మూడోదిగా చేరితే, అందులోనూ ఎండలో చెమటోడ్చి నీళ్ళు తాగకపోతే, కిడ్నీలు తట్టుకోవు.

మామూలు నొప్పికి ముందు పారాసెటమాల్ చూడండి. అయినా రోజుకు 4 గ్రాములు దాటొద్దు, అంటే 500 మిల్లీగ్రాములవి ఎనిమిది. మద్యం తాగేవాళ్ళకు, లివర్ జబ్బున్నవాళ్ళకు అంత కూడా వద్దు, ఎంతో డాక్టర్‌నే అడగండి. ‘కాంబినేషన్’ గోలీల్లో పారాసెటమాల్ ముందే ఉంటుంది, స్ట్రిప్ వెనక చదివించుకోండి.

గౌట్‌కు (కీళ్ళ వాపు జబ్బు) కాల్చిసిన్, దగ్గుకు క్లారిత్రోమైసిన్ రాస్తే స్టాటిన్ వాడుతున్నామని అక్కడే చెప్పండి, అవి తోడైతే కండరాలకు ముప్పు పెరగొచ్చు. పక్కింటాయన గోలీ వేసుకోవద్దు. పేరు తెలియని పొడి వద్దు. ఏమిటో చెప్పని సూది వద్దు. నొప్పి గోలీని రెండో రోజు కూడా వేసుకోవాల్సి వస్తే ఆగి, ఎందుకని అడగండి. మళ్ళీ చెప్తున్నా, నొప్పిని నొక్కెయ్యొద్దు, ఎందుకొచ్చిందో అడగండి. అలాగని భయపడి గుండె మందు మీ అంతట మీరు మానేయొద్దు, స్టెంట్ ఉన్నవాళ్ళు అసలే వద్దు. మూత్రం రంగు మారినా, తగ్గినా ఇంకో గోలీ ముట్టుకోవద్దు. తెల్లారేదాకా ఆగొద్దు. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ, ఖాళీవి కూడా, ఒక కవర్లో వేసుకుని ఆ రాత్రే పెద్దాసుపత్రికి బయల్దేరండి.