పడవ కాపురానికి చుట్టాలు వస్తే

తెరచాప పడవనే ఇల్లుగా చేసుకొని ఉష్ణమండల ద్వీపాల మధ్య తిరిగే తెలుగువారికి ఏదో ఒకనాడు హైదరాబాదు నుంచి ఫోను వస్తుంది: "సెలవులకు మేం నలుగురం వస్తున్నాం, మీ పడవలోనే ఉంటాం." నేల మీది ఇంటికి చుట్టాలు వస్తే మరో చాప పరిచి, ఎసట్లో మరో గ్లాసు బియ్యం వేసి సర్దుకుంటాం. 12 మీటర్ల పడవలో నీరు, కరెంటు, పడుకునే చోటు అన్నీ ముందే కొలిచినట్టు ఉంటాయి కాబట్టి ఆ సర్దుబాటు సాగదు. అయినా నా అనుభవంలో అసలు ఇబ్బంది చోటు చాలకపోవడం కాదు, మొహమాటం. కడుపులో తిప్పుతోందని చెప్పని అతిథి, మరుగుదొడ్డి పంపు ఎలా కొట్టాలో రెండోసారి అడగలేని అతిథి, గాలి బాగాలేదు కనుక ఈ రోజు కదలమని చెప్పలేని ఆతిథేయి: పడవలో చిక్కులన్నీ వీరి మధ్యనే పుడతాయి. చెప్పవలసినవన్నీ టికెట్లు కొనకముందే, సూటిగా, ఆప్యాయంగా చెప్పడమే పడవలో ఆతిథ్యమని నేను నమ్ముతాను. మలేషియాలోని లంకావి, థాయిలాండ్‌లోని ఫుకెట్ మధ్య సముద్రాన్ని దృష్టిలో ఉంచుకొని ఇది రాస్తున్నాను. హైదరాబాదు నుంచి వచ్చేవారికి అది దగ్గర, పైగా అక్కడి నీళ్ళు కొత్తవారిని మరీ భయపెట్టవు.

తేదీలు, ఊరు

"ఎప్పుడు రావాలో మీరు చెప్పండి, లేదా ఎక్కడికి రావాలో మీరు చెప్పండి, రెండూ మాత్రం చెప్పకండి" అనే మాట పడవల మీద బతికేవారందరికీ తెలుసు. ఫలానా తేదీకి ఫలానా ద్వీపంలో ఉంటామని మాటిచ్చిన నావికుడు ఆ మాట నిలబెట్టుకోవడానికి, వెళ్ళకూడని గాలిలో బయలుదేరతాడు. కాబట్టి మిత్రులు తేదీ నిర్ణయిస్తే, వారు దిగే ఊరు మీరు నిర్ణయించండి. ఊరు వారు కోరుకుంటే, అటూ ఇటూ రెండు మూడు రోజులు సడలింపు ఉంచమనండి.

ఈ ప్రాంతంలో నవంబరు నుంచి ఏప్రిల్ వరకు ఈశాన్య రుతుపవనాలు వీస్తాయి. ఆ గాలి మలయా ద్వీపకల్పాన్ని దాటి నేల మీదుగా వస్తుంది కనుక పడమటి తీరంలో కెరటాలు పెద్దగా లేవవు, ఆకాశం తేటగా ఉంటుంది. మే నుంచి అక్టోబరు వరకు నైరుతి గాలి, బహిరంగ సముద్రం మీది కెరటాలు నేరుగా తీరానికి వస్తాయి. మన పిల్లల సెలవులను దీనికి జోడించి చూస్తే సంక్రాంతి సెలవులు చక్కగా కుదురుతాయి. తెలంగాణలో ఏప్రిల్ చివర మొదలయ్యే వేసవి సెలవులు మాత్రం సరిగ్గా గాలి మారే వేళకు వచ్చి పడతాయి. వేసవిలో తప్ప రాలేమన్న కుటుంబానికి లంకావి చుట్టూ ఉన్న ద్వీపాల చాటున, మడ అడవుల కాలువల్లో వారం గడపవచ్చని చెప్పండి కానీ ఫుకెట్ దాకా తీసుకెళ్తామని ఆశ పెట్టకండి. ఆ నెలల్లో సుమత్రా దీవి వైపు నుంచి తెల్లవారుజామున ఉరుములతో విరుచుకుపడే గాలివానలను అక్కడి నావికులు 'సుమత్రాలు' అనే పిలుస్తారు. లంగరు సరిగా పడని పడవను అవి అరగంటలో ఒడ్డుకు తోసేయగలవు.

దూరాల లెక్క కూడా ముందే చెప్పాలి. పడవ గంటకు 5 లేదా 6 నాటికల్ మైళ్ళు నడుస్తుంది, ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. లంకావి నుంచి థాయిలాండ్ వైపు లిపె దీవి సుమారు 30 నాటికల్ మైళ్ళు, అంటే దాదాపు రోజంతా. ఔటర్ రింగ్ రోడ్డు మీద అరగంటలో పోయే దూరానికి ఇక్కడ పూట పడుతుందని హైదరాబాదు మిత్రులకు చెబితే వారి ఊహ వాస్తవానికి దగ్గరవుతుంది. వారం రోజులకు వచ్చేవారితో ఒక దేశం నుంచి మరో దేశానికి దాటకపోవడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే రెండు రోజులు ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ కౌంటర్ల దగ్గరే పోతాయి.

దాటక తప్పకపోతే, అతిథుల పేర్లను పడవ సిబ్బంది జాబితాలో చేర్చాలి, దేశం విడిచేటప్పుడూ ప్రవేశించేటప్పుడూ వారి పాస్‌పోర్టుల మీద ముద్ర వేయించాలి. విమానంలో ఒక్కవైపు టికెట్‌తో వచ్చి పడవలో వెళ్ళిపోయేవారిని శంషాబాదులోని చెకిన్ కౌంటర్‌లోనే తిరుగు టికెట్ ఏదని అడగవచ్చు. అందుకే కెప్టెన్ సంతకం చేసిన ఉత్తరం, పడవ రిజిస్ట్రేషన్ నకలు వారికి ముందే పంపండి. వీసా నియమాలు తరచు మారతాయి కనుక టికెట్ కొనే రోజున ఆయా దేశాల అధికారిక వెబ్‌సైట్లలో చూసుకోమనండి. డబ్బు సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. కూరగాయలు, డీజిలు, రేవు రుసుము పంచుకోవడం వేరు, పడవలో ఉన్నందుకు రోజుకు ఇంతని తీసుకోవడం వేరు. రెండోది అద్దె వ్యాపారం కిందికి వస్తుంది, దానికి లైసెన్సు కావాలి, మీ బీమా కూడా చెల్లకుండా పోవచ్చు.

హైదరాబాదులోనే చేయవలసినవి

హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవలు నేర్పే క్లబ్బులు ఉన్నాయి. వచ్చేవారు వీలైతే ఒక పూట అక్కడ చిన్న పడవ ఎక్కి చూస్తే చాలా మేలు. చెరువులో సముద్రపు ఊపు ఉండదు కానీ, గాలికి పడవ ఒక పక్కకు ఒరగడం అలవాటవుతుంది, ఒరిగినంత మాత్రాన బోల్తా పడదన్న నమ్మకం కుదురుతుంది. తెరచాప అడుగున ఉండే బూమ్ అనే అడ్డకర్ర ఒక్కసారిగా అటు నుంచి ఇటు ఊగుతుందని, దాని దారిలో తల ఉండకూడదని ఒంటికి తెలిసివస్తుంది.

శ్రీశైలం ఘాట్ రోడ్డులో వాంతులు చేసుకునేవారు సముద్రం మీద కూడా చేసుకుంటారనే అనుకొని ఏర్పాటు చేసుకోవాలి. మన ఇళ్ళలో అందరికీ తెలిసిన అవోమిన్ మాత్ర పనికొస్తుంది కానీ, వాంతి మొదలయ్యాక మింగితే అది కడుపులో నిలవదు. బయలుదేరే ముందటి రాత్రే వేసుకోవాలి. దానికి నిద్రమత్తు ఉంటుంది కనుక డాక్టరును అడిగి ఇంట్లో ఒకసారి వేసుకొని చూడటం మంచిది. పడవ కదులుతున్నప్పుడు కింది గదిలో కూర్చొని ఫోను చూడకూడదు. పైన గాలి తగిలే చోట కూర్చొని, ఆకాశమూ సముద్రమూ కలిసే గీత వైపు చూస్తుండాలి. చుక్కాని చేతికిస్తే చాలామందికి వికారం తగ్గుతుంది. అప్పటికీ వస్తే గాలి పోయే వైపు వంగి కక్కాలి, ఎవరో ఒకరు వెనక నుంచి పట్టుకోవాలి. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదని ముందే చెప్పండి.

సామాను మడతపెట్టగలిగే బట్ట సంచుల్లోనే తేవాలి, చక్రాల సూట్‌కేసు దాచే చోటు పడవలో ఉండదు. అట్టపెట్టెల మడతల్లో బొద్దింకల గుడ్లు ఉంటాయి కాబట్టి వాటిని రేవులోనే వదిలేయాలి. బేగం బజారులో కొన్న కందిపప్పు, చింతపండు, ఎండుమిర్చి, కారప్పొడులు, ఆవకాయ ఎంత తెచ్చినా పనికొస్తాయి. పచ్చళ్ళు చేతి సంచిలో విమానం ఎక్కనివ్వరు కనుక గట్టిగా మూత పెట్టి చెకిన్ సామానులో వేయాలి. మాంసం పచ్చళ్ళు కస్టమ్స్ దగ్గర ఆపుతారు, తేవద్దనండి. ఇడ్లీ పిండి ఆ ఉక్కలో త్వరగా పొంగి పులిసిపోతుంది, పులియబెట్టనక్కర్లేని పెసరట్టు పడవకు సరైన టిఫిను.

ఎక్కిన మొదటి గంట

చెప్పులు రేవు మీదే విడిచి పడవ ఎక్కడం మనవారికి నేర్పనక్కర్లేదు. ఆ తరువాత, పడవ కట్టి ఉండగానే, కాఫీ ఇచ్చి, అందరినీ కూర్చోబెట్టి నీళ్ళ లెక్క వివరించండి. ట్యాంకు 400 లీటర్లు అనుకుందాం. రోజుకు తలా 15 లీటర్లు వాడితే మీ ఇద్దరికీ అది దాదాపు రెండు వారాలు వస్తుంది. మరో నలుగురు చేరితే నాలుగు రోజులే. తలా ఒక బకెట్ స్నానం కూడా చేస్తే ఇంకా త్వరగా అడుగంటుతుంది. ఉప్పు నీటిని మంచినీరుగా మార్చే యంత్రం ఉన్నా, నూనె తేలే రేవు నీటిలో దాన్ని నడపకూడదు.

అందువల్ల స్నానం ఒక పద్ధతి ప్రకారం సాగాలి. సముద్రంలో మునిగి, వెనక నిచ్చెన మెట్టు మీద కూర్చొని సబ్బు రుద్దుకొని, మళ్ళీ మునిగి, చివరగా రెండు లీటర్ల మంచినీటితో ఉప్పు పోయేలా కడుక్కోవాలి. ఆ వెంటనే తువ్వాలుతో తుడుచుకోకపోతే మిగిలిన ఉప్పు తేమను పట్టి ఒళ్ళంతా జిగటగా ఉంటుంది. పొడవు జుట్టు ఉన్నవారు తలంటుకోవడానికి ఒక రోజు, దానికి విడిగా నీళ్ళు కేటాయించండి. అడగడానికి సంకోచించి చిరాకుతో వారం గడిపే అవసరం వారికి రాదు. అంట్లు ముందు సముద్రపు నీటితో తోమి, మంచినీటితో ఒక్కసారి తొలిస్తే చాలు.

మరుగుదొడ్డి గురించి మాటల్లో చెప్పి ఊరుకోకండి, ఒక్కొక్కరి చేత చేయించండి. దాని గొట్టం లోపలి వెడల్పు సుమారు 38 మిల్లీమీటర్లే, అందులో వంపులు కూడా ఉంటాయి. తిని అరిగించుకున్నది తప్ప మరేదీ అందులో పడకూడదు: టిష్యూ కాగితం, ప్యాడ్లు, తల వెంట్రుకలు, ఏవీ. మీటను నీరు వచ్చే వైపు తిప్పి పదిహేను ఇరవై సార్లు పంపు కొట్టాలి, తరువాత మీటను రెండో వైపు తిప్పి తొట్టి పొడిగా అయ్యేదాకా మళ్ళీ కొట్టాలి. మనవాళ్ళకు కాగితంతో పని ఉండదు కనుక గోడకు చిన్న హెల్త్ ఫాసెట్ పెట్టిస్తే సగం ఇబ్బంది తీరుతుంది. పంపు బిగిసినట్టు అనిపిస్తే బలవంతం చేయకుండా వెంటనే మిమ్మల్ని పిలవమని, ఎంత రాత్రైనా సరే పిలవమని గట్టిగా చెప్పండి.

వంటగదిలో గ్యాసు మరింత జాగ్రత్త కోరుతుంది. ఎల్పీజీ గాలి కంటే బరువైనది. నేల మీది ఇంట్లో కిటికీ తెరిస్తే పోవచ్చు కానీ, పడవలో లీకైన గ్యాసు అడుగున చేరి నిప్పురవ్వ కోసం కాచుకొని ఉంటుంది. వంట అయిన ప్రతిసారీ స్టవ్ దగ్గరే కాకుండా సిలిండర్ దగ్గర కూడా కట్టేయాలి. ప్రెషర్ కుక్కర్ మాత్రం పడవ కోసమే పుట్టిన పాత్ర: మూత బిగిసి ఉంటుంది, ఊగినా ఒలకదు, గ్యాసు ఆదా. కరెంటుకు వస్తే, 750 వాట్ల మిక్సీ 12 వోల్టుల బ్యాటరీ నుంచి 60 ఆంపియర్లకు పైగా లాగుతుంది. చట్నీకి రెండు నిమిషాలు నడిపితే ఫరవాలేదు. రైస్ కుక్కరు, హెయిర్ డ్రయ్యరు వద్దు.

భద్రత విషయంలో మాట తగ్గించి చెప్పకూడదు. ఒక చెయ్యి పనికి, ఒక చెయ్యి పట్టుకోవడానికి. నడుస్తున్న పడవలో రాత్రిపూట ఎవరూ ఒంటరిగా కాక్‌పిట్ (చుక్కాని దగ్గర కూర్చునే చోటు) దాటి డెక్ మీదికి పోకూడదు. లైఫ్ జాకెట్లు వారి వారి కొలతకు బిగించి చూపండి, పిల్లలకు బరువును బట్టి వేరే జాకెట్లు కావాలి. ఎవరైనా నీళ్ళలో పడితే మొదట చూసినవారు గట్టిగా అరవాలి, తేలే రింగు విసరాలి, మరొకరు చూపు తిప్పకుండా పడినవారి వైపు వేలు చూపిస్తూనే ఉండాలి, కెరటాల మధ్య మనిషి తల క్షణాల్లో కనుమరుగవుతుంది. పడవల మధ్య మాటలకు వాడే వీహెచ్ఎఫ్ రేడియోలో 16వ ఛానెల్‌లో సాయం అడగడం అతిథుల్లో ఇద్దరికైనా నేర్పాలి. పడవ పేరు, ఉన్న చోటు, ఏం జరిగింది, ఎంతమంది ఉన్నారు: చెప్పవలసిన ఇంగ్లీషు మాటలను తెలుగు అక్షరాల్లో ఒక కార్డు మీద రాసి రేడియో పక్కన అంటించండి. మీకే ఏదైనా అయితే వారికి మిగిలేది ఆ కార్డే.

రోజులు గడిపే తీరు

మొదటి రోజు కదలకండి. రెండో రోజు ఉదయం రెండు గంటల ప్రయాణం చాలు. ఆ తరువాత కూడా మధ్యాహ్నం మూడు లోపు లంగరు వేసే చోటికి చేరాలి, సూర్యుడు పైన ఉన్నప్పుడే పగడపు దిబ్బలు నీళ్ళ కింద గోధుమరంగుగా, ఇసుక లేతనీలంగా వేర్వేరుగా కనిపిస్తాయి. లంగరు ఇసుకలోనే దింపాలి, పగడాల మీద వేస్తే అవి విరుగుతాయి. గొలుసు పొడవు లెక్కలో అతిథులను కూడా కూర్చోబెడితే వారికి నచ్చుతుంది: నీటి లోతు 6 మీటర్లు, పోటుకు మరో 3, పడవ ముక్కు ఎత్తు 1, కలిపి 10; దానికి అయిదింతలు, అంటే 50 మీటర్ల గొలుసు వదలాలి. తరువాత ఇంజను వెనక్కి నడిపి, ఒడ్డున ఒక చెట్టునూ దాని వెనక ఒక కొండనూ చూస్తూ అవి ఒకదాని నుంచి ఒకటి జరగకపోతే లంగరు పట్టిందని అర్థం. ఆ చెట్టును కనిపెట్టి ఉండే పని మీ మిత్రుల్లో ఒకరికి అప్పగించండి. పని లేని అతిథి ఇబ్బంది పడతాడు, చిన్న పని ఉన్న అతిథి పడవవాడైపోతాడు.

ఈ నీళ్ళలో విషంతో కుట్టే బాక్స్ జెల్లీఫిష్ ఉంటుంది కాబట్టి ఈదేవారు ఒంటినిండా పల్చటి ఈత దుస్తులు వేసుకోవాలి, వెనిగర్ సీసా అందుబాటులో ఉంచాలి. కుట్టిన చోట అరనిమిషమైనా వెనిగర్ పోసి, ఒంటికి అంటుకున్న దాని తీగలు తీసేసి, ఊపిరి ఆడకపోయినా ఛాతీ పట్టేసినా వెంటనే ఆసుపత్రికి తరలించాలి. థాయిలాండ్ జాతీయ ఉద్యానవనాల్లో ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్‌లను 2021లో నిషేధించారు, కొనేటప్పుడు సీసా వెనక చూసుకోమనండి.

వారంలో మధ్యన ఒక రోజు ఖాళీగా ఉంచి, అతిథులను ఒడ్డున దింపండి. లంకావిలో అయితే దయాంగ్ బుంటింగ్ దీవిలోని మంచినీటి సరస్సు దానికి బాగుంటుంది: సముద్రానికి సన్నని సున్నపురాతి గోడ మాత్రమే అడ్డుగా, ఇవతల తియ్యటి నీళ్ళు. పలకంత గోడల వెనక ప్రతి మాటా వినిపించే పడవలో వారికీ మీకూ కొన్ని గంటల ఏకాంతం అవసరం. అందులో ఆదరణ లోపం ఏమీ లేదు.

విమానానికి ముందటి రోజు సాయంత్రానికే పడవను రేవుకు చేర్చాలి. ట్యాంకులో గాలితో సముద్రం అడుగుకు మునిగినవారు విమానం ఎక్కడానికి ముందు కనీసం 18 గంటలు ఆగాలి కనుక ఆ రోజు డైవింగ్ పెట్టకండి. సామానును చిన్న రబ్బరు పడవలో ఒడ్డుకు చేర్చవలసి వస్తే పోటు ఎప్పుడో ముందే చూసుకోండి, పాటు మీద మోకాలి లోతు బురదలో సంచులు మోయవలసి వస్తుంది. పాస్‌పోర్టులు, ఫోన్లు నీరు చొరని సంచిలో వేసి పెద్దవారి చేతికివ్వండి. ఇమ్మిగ్రేషన్ కౌంటర్‌కు మీరు కూడా వెంట వెళ్ళి, పడవ సిబ్బంది జాబితాలో ఉన్నవారి పేర్లు తీసేయించుకొని, ఆ కాగితం మీద ముద్ర పడ్డాకే వారిని పంపండి.